రుచి చూడని టాకోలు

తెలుగులో రోజా అంటే పువ్వు. మా ఇంట్లో రోజా అంటే ఉపవాసం. పిల్లలు మొదటిసారి రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం పూర్తి చేసిన సాయంత్రాన్ని రోజా కుషాయి అంటాం. ఆ పూట పిల్లకు కొత్త బట్టలు వేస్తాం, మెడలో పూలదండ వేస్తాం, దువా చేసి చేతికి ఖర్జూరం ఇస్తాం. ఏం వండాలన్నది మాత్రం ఉపవాసం ఉన్న పిల్ల ఇష్టం. నల్లగొండలో నా వంతు వచ్చినప్పుడు నేను పెద్దకూర కబాబులు అడిగాను. మా పక్క బీఫ్‌ను పెద్దకూర అంటారు. పేరుకే పెద్దకూర, పెద్దవాళ్ళ ఇళ్ళల్లో వండేవారు కాదు.

నా కూతురికి పదో ఏడు రాగానే ఈసారి పూర్తి రోజా ఉంటానంది. ఏం చేయమంటావు అని అడిగితే ఆలోచించకుండా బీఫ్ టాకోలు అంది, అంటే మాంసం పెట్టి మడిచిన మొక్కజొన్న రొట్టెలు.

ఆ కోరిక వెనక ఒక ఏడాది ఉంది. మేమిప్పుడు ఉంటున్న ఈ పరాయి దేశంలో, తన క్లాసు పిల్ల పుట్టినరోజు వుడ్‌ల్యాండ్స్ రైలు స్టేషన్ దగ్గరి మాల్‌లో, ఒక టాకో దుకాణంలో జరిగింది. అక్కడ హలాల్ బోర్డు లేదు. మిగతా పిల్లలంతా టాకోలు తింటుంటే మా అమ్మాయి పుచ్చకాయ ముక్కలు తిని వచ్చింది. ఏడవలేదు, అలగలేదు. ఇంటికొచ్చి ఆ టాకో ఎలా విరిగిందో, రసం మోచేతి దాకా ఎలా కారిందో, ఎవరు ఎన్ని తిన్నారో పూసగుచ్చినట్టు చెప్పింది. తాను తినని వస్తువును అంత వివరంగా చెప్పగల మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఎప్పుడు ఆ మాల్ ముందు నుంచి వెళ్ళినా ఒకసారి అటు చూసేది. అడిగేది కాదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

అందుకే అడగ్గానే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గుర్తొచ్చింది, టాకో నేనూ తినలేదని.

రంజాన్‌కు ముందు, పిల్ల బడికి వెళ్ళిన రోజుల్లో, రెండుసార్లు చేసి చూశాను. మొదటిసారి చెయ్యి దానంతటదే అల్లం వెల్లుల్లి ముద్ద వేసింది, దానంతటదే గరం మసాలా వేసింది, చివర పుదీనా చల్లింది. సైన్స్ పార్క్‌లో పనిచేసే మా ఆయన ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. రెండు తిని, బాగుంది గాని ఇది మన కీమానే, రొట్టెలో దాక్కుంది అన్నాడు. రెండోసారి చేతిని అదుపులో పెట్టాను. మసాలా డబ్బా పై అరలోకి ఎక్కించేశాను. బీఫ్‌ను సన్న ముక్కలుగా కోసి, పెద్ద మంట మీద కొద్దికొద్దిగా వేయించాను. అంతా ఒకేసారి వేస్తే నీళ్ళు ఊరి ఉడికిపోతుంది, వేగదు. వేయించిన జీలకర్ర, ఎండు మిరపకాయలు కాల్చి నూరిన ముద్ద, వెల్లుల్లి, కాస్త వెనిగర్, ఇక్కడ దొరికే చిన్న నిమ్మకాయల రసం వేశాను. ఆరెగానో అని ఒక ఎండాకు ఉంటుంది, వాసన చూస్తే వామాకు చుట్టంలా ఉంది, అదీ వేశాను. మా ఆయన ఈసారి నాలుగు తిన్నాడు. కిలోన్నర మాంసానికి రెండు చెంచాల ఉప్పు అని వంటగది క్యాలెండర్ మీద రాసుకున్నాను.

ఎందుకు రాసుకున్నానంటే, అసలు రోజున రుచి చూడడానికి ఉండదు కాబట్టి.

రంజాన్ వంటలో ఉన్న తిరకాసు ఇదే. నెల రోజుల పాటు, ఏడాదిలో ఎన్నడూ వండనన్ని వంటలు, ఉప్పు చూడకుండా వండాలి. మరీ అవసరమైతే నాలుక కొసకు తగిలించి ఉమ్మేయవచ్చని పెద్దవాళ్ళు చెప్పేవారు. మా అమ్మ అలాగే చేసేది. మరిచిపోయి తింటే రోజా పోదని కూడా అంటారు. నేను పొయ్యి దగ్గర నిలబడి మరిచిపోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. అంత గట్టిగా మరే విషయమూ నాకు గుర్తుండదు.

రోజా కుషాయి శనివారం పెట్టుకున్నాం. పొద్దున అంతా బాగానే గడిచింది. మధ్యాహ్నం రెండు గంటలకు పిల్ల హాల్లో ఫ్యాన్ కింద టైల్స్ మీద బోర్లా పడుకుంది. ఇంకా ఎన్ని గంటలు అని అడిగింది. చెప్పాను. మూడింటికి ఇంకా ఎన్ని నిమిషాలు అని అడిగింది. గంటలైతే తక్కువగా వినిపిస్తాయని గంటల్లోనే చెప్పాను. కావాలంటే ఇప్పుడు తినేయమ్మా, సగం రోజా అయినా గొప్పే, అన్నాను. నేల మీద నుంచి తల ఎత్తకుండా తల ఊపింది. అడ్డంగా.

నాలుగు గంటలకు నేను బీఫ్ వేయించడం మొదలుపెట్టగానే వాసన హాల్లోకి వెళ్ళింది. పిల్ల లేచి వచ్చి వంటగదిలో స్టూల్ వేసుకుని కూర్చుంది. ముక్కుతోనే తింటున్నట్టు కళ్ళు మూసుకుంది. నేను ఉప్పు వేసి, కలిపి, అలవాటు కొద్దీ చెంచా పెదవుల దాకా తెచ్చాను.

కళ్ళు తెరిచింది. "అమ్మీ, దట్స్ చీటింగ్ లా."

మాట చివర ఆ లా ఇక్కడి ఇంగ్లీషు అలవాటు. నాలుక కొస సంగతి చెప్పాను. వారాంతపు మదర్సాలో టీచరమ్మ ఆ సంగతి చెప్పలేదంది. నేను పొద్దుటి నుంచి ఏమీ నోట్లో పెట్టుకోలేదు, నువ్వు పెట్టుకుంటావా అన్నట్టు చూసింది. చెంచా కడిగి పెట్టేశాను. పదేళ్ళ పిల్ల ముందు మతం గురించి వాదించి గెలిచినా ఓడినట్టే ఉంటుంది.

సాయంత్రం చేసే అసర్ నమాజుకు వేళైంది. పిల్లను మొహం కడుక్కోమని పంపి, పొయ్యి సిమ్‌లో పెట్టి లోపలి గదిలో నమాజుకు నిలబడ్డాను. అప్పుడు మా ఆయన కొత్తిమీర, అవకాడోలు పట్టుకుని బజారు నుంచి వచ్చాడు. మా అత్తగారింట్లో ఒక నియమం ఉండేది. రంజాన్‌లో వండే మనిషి ఉప్పు మరిచిపోతుంది కాబట్టి, వంటగదిలోకి ఎవరు వచ్చినా ఉప్పు వేశావా అని అడగాలి. మంచి నియమమే. ఆయన వంటగదిలోంచి గట్టిగా అడిగాడు. నేను నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉన్నాను. నమాజులో ఉన్న మనిషి జవాబు చెప్పకూడదు. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి నేను జవాబు చెప్పలేదు. నమాజు అయ్యేసరికి ఆయన పళ్ళెంలో కొత్తిమీర తరుగుతున్నాడు, నేను ఉప్పు సంగతి ఎత్తడం మరిచిపోయాను.

ఆరున్నరకు బయటపడింది. ఖర్జూరాలు గిన్నెలో సర్దుతూ ఆయన, నేను చూసిన కాబట్టి సరిపోయింది, లేకుంటే టాకోలు చప్పగ ఉండేవి, అన్నాడు.

మా ఇంట్లో మామూలుగా దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటాం. పిల్లకు అది వస్తుంది. ఇంగ్లీషు ఇంకా బాగా వస్తుంది. తెలుగు రాదు. అందుకని పిల్ల వినకూడనివన్నీ నల్లగొండ తెలుగులో మాట్లాడుకుంటాం. ఇల్లు కొనే సంగతులు, బంధువుల సంగతులు, ఇంజెక్షన్ల సంగతులు. ఆ జాబితాలో ఆ రోజు ఉప్పు చేరింది.

"నువ్వు ఉప్పు ఏసినవా?" అన్నాను.

"రెండు చెంచాలు. క్యాలెండర్ మీద రాసి ఉన్నది గదా."

"నేను కూడ రెండే ఏసిన."

ఉప్పు వేశామని ఇద్దరం ఒప్పుకున్నాక ఇద్దరం గిన్నె వైపు చూశాం. చూస్తే ఏం తెలుస్తుంది, ఎర్రగా, నిగనిగలాడుతూ, లోకంలో అంతకన్నా మంచి బీఫ్ లేనట్టు ఉంది. పిల్ల హాల్లో కొత్త గాగ్రా వేసుకుని, గోడ గడియారం కింద కూర్చుని ఉంది. ఏడాది పాటు కంటితో తిని, పదమూడు గంటలు కడుపు మాడ్చుకుని, మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయంలా ఉంటే ఏమంటుంది? ఏమీ అనదు. అదే నాకు భయం. పుచ్చకాయ ముక్కలు తిన్నట్టే ఇదీ తినేసి ఊరుకుంటుంది.

రుచి చూసేవాళ్ళు కావాలి. ఈ బ్లాకులో బీఫ్ తినే మా వాళ్ళంతా ఉపవాసంలో ఉన్నారు. ఉపవాసం లేని తెలుగువాళ్ళు బీఫ్ తినరు. తలుపు తీసి కారిడార్‌లో ఎవరినైనా పిలిచి, కాస్త నోరు తెరవండి అనే ధైర్యం నాకు లేదు.

సరిగ్గా అప్పుడే పై అంతస్తు ఆంటీ పూలదండ తీసుకుని వచ్చింది. ఆవిడది తెనాలి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటోంది. పిల్ల రోజా కుషాయి అని తెలిసి, మన సరుకులు దొరికే టెక్కా బజారు నుంచి మల్లెపూలు తెప్పించి స్వయంగా కట్టింది. రోజాకు రోజా పూలే తేవాలనుకున్నాను గాని మల్లెలే బాగున్నాయమ్మా అంది. ఆవిడ మా ఇంటికి ఎనిమిదేళ్ళుగా వస్తోంది. పొయ్యి మీద బీఫ్ ఉన్న రోజు వంటగది గడప దాటదు. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆవిడ కోసం ఆ రోజు వేరే కొత్త గిన్నెలో, వేరే పొయ్యి మీద రాజ్మా ఉడుకుతోంది. అందులో ఇంకా ఉప్పు వేయలేదు.

మా మొహాలు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

ఆవిడ గడప అవతలే నిలబడి అంది. "రుచి చూడడం నా వల్ల కాదమ్మాయ్, తెలుసుగా. కానీ దేవుడికి పెట్టేది కూడా నేను ఏనాడూ నాలిక మీద వేసుకున్నది లేదు. నైవేద్యం అయ్యేదాకా పులిహోరకి ఉప్పుందో లేదో నాకూ తెలీదు. కొలతే. మాంసం ఎంత, చెంచా ఏది, చెప్పు."

నా చెంచా చూపించాను. దూరం నుంచే చూసి, తన అరచేతిలో అంత గుంట చేసి ఊహించుకుంది. కిలోన్నరకి రెండు చాలు, నాలుగు పడ్డాయి, అంటే ఉప్పు లేనిది ఇంకో కిలోన్నర ఏదన్నా అందులో పడాలి, అని లెక్క తేల్చింది. ఇంట్లో ఏమున్నాయంది. రెండు బంగాళాదుంపలు, సగం క్యాబేజీ ఉన్నాయన్నాడు మా ఆయన. ఆవిడ రాజ్మా గిన్నె వైపు చూసింది.

"అది అందులో పోసెయ్."

అది మీకోసం చేసింది ఆంటీ అన్నాను.

"నాకు అవకాడో ఉంది, టమాటా పచ్చడి ఉంది, రొట్టె ఉంది. పోసెయ్, టైమ్ అవుతోంది. పిల్ల చూస్తుంది, కానియ్."

పోసేశాను. మా ఆయన బంగాళాదుంపలు మైక్రోవేవ్‌లో పెట్టి, తీసి, వేళ్ళు కాల్చుకుంటూ చిదిమాడు. నేను క్యాబేజీ సన్నగా తరిగి వేయించి కలిపాను. ఆవిడ గడప అవతల ట్రాఫిక్ పోలీసులా నిలబడి, కలుపు, మూత పెట్టు, ఇప్పుడు తియ్యి, అంటూ చెయ్యి ఆడించింది. ఎనిమిదేళ్ళలో మేం ముగ్గురం కలిసి వంట చేయడం అదే మొదటిసారి. పిల్ల రెండుసార్లు తొంగి చూసింది. ఏం చేస్తున్నారని ఇంగ్లీషులో అడిగింది. ఏం లేదని దక్కనీలో చెప్పాం. ఉప్పు, ఉప్పు అని తెలుగులో గుసగుసలాడుకున్నాం.

టొమాటో ముక్కల్లో ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం కలిపిన గిన్నె ఆంటీకి ఇచ్చాను. అది మాత్రం ఆవిడ రుచి చూసి, ఇది సరిగ్గా ఉంది అంది. ఆ గంటలో ఖచ్చితంగా తెలిసిన సంగతి అదొక్కటే.

ఏడుంబావు దాటాక మలయ్ రేడియోలో ఉపవాసం విడిచే అజాన్ వచ్చింది. పిల్ల మెడలో మల్లెదండ ఉంది. ఖర్జూరం నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని నమిలింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. నేను పెనం మీద టోర్టియా, అంటే టాకో రొట్టె, వేడి చేసి, మాంసం పెట్టి, పైన టొమాటో, అవకాడో వేసి పళ్ళెంలో ఇచ్చాను. మా ఆయన ఖర్జూరం చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయాడు. ఆంటీ కూడా కుర్చీ అంచున కూర్చుంది.

పిల్ల రెండు చేతులా పట్టుకుని కొరికింది. రసం మణికట్టు మీదుగా కారింది. అది ఆగిపోకుండా చెయ్యి నిలువుగా ఎత్తి మరీ చూసుకుంది, కచ్చితంగా మోచేతి దాకా వెళ్తోందా అని. నమిలింది. ఇంకోసారి కొరికింది. నేను మొహంలోకి చూస్తున్నాను. ఏమీ తెలియడం లేదు.

మొదటి టాకో అయిపోయింది. చెయ్యి చాపింది. రెండోది ఇచ్చాను. అది సగం తిన్నాక ఆగి మా ముగ్గురి వైపు ఒక్కొక్కరినీ చూసింది.

"ఇట్స్ నైస్," అంది. తర్వాత, ఆ సాయంత్రం అంతా వంటగదిలోంచి విని నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట జాగ్రత్తగా పలికింది. "అమ్మీ, ఉప్పు?"

నేనొకటి తీసుకుని కొరికాను. చప్పగా ఉంది. మా ఆయన కూడా కొరికి, కాసేపు నమిలి, లేచి వంటగదిలోకి వెళ్ళి, తాను వాడిన చెంచా తెచ్చి నాకు చూపించాడు. టీ డబ్బాలో ఉండే బుల్లి చెంచా. కంప్యూటర్ల ముందు ఎనిమిది గంటలు కూర్చుని అంకెలు సరిచూసే మనిషి ఆయన. క్యాలెండర్ మీద చెంచా అని ఉంది గాని ఏ చెంచానో రాయలేదు అన్నాడు. అది నిజమే.

ఆంటీ తన పళ్ళెంలో అవకాడో రొట్టె పెట్టుకుంటూ, నా కొలత తప్పు కాదమ్మాయ్, అంది.

ఉప్పు డబ్బా బల్ల మీదే ఉంది. నేను తీయలేదు, ఆయనా తీయలేదు. ఆ రోజుకు మేమిద్దరం వేయాల్సింది వేసేశాం. పిల్లే మోకాళ్ళ మీద లేచి, డబ్బా దగ్గరికి లాక్కుని, రెండు వేళ్ళతో చిటికెడు తీసి తన టాకో మీద చల్లుకుంది. రుచి చూసింది. ఇంకో చిటికెడు వేసుకుంది. మళ్ళీ రుచి చూసింది. అప్పుడు మూత పెట్టి, మూడోది అడిగింది.