మూసిన పోర్టుకు వచ్చిన కబురు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేసేదాన్ని. మా పనిలో ఏ తేడా వచ్చినా వెనక పాడైన మిషనైనా ఉంటుంది, అబద్ధమాడే మనిషైనా ఉంటాడు. అందుకే మొదట మనిషినే అనుమానించాను.

హిందూపురంలో మాది చిన్న ఆఫీసు. రైతుల బోర్లలో నీటిమట్టం కొలిచే మిషన్లు పెడతాం. అవి సిమ్ ద్వారా మా సర్వరుకు కబురు పంపుతాయి. సర్వరుకు కాపలా ఫైర్‌వాల్. అందులో ఏ పోర్టు, అంటే కబురు లోపలికొచ్చే ఏ దారి తెరవాలో, ఏది మూయాలో చూసేది నేను. కొత్త మిషన్లకు వేరే పోర్టు తెరిచి, పాతది మూసేశాను.

ఆ తర్వాత, మూసిన పోర్టులోంచి రావడానికి రోజూ మధ్యాహ్నం ఏదో ప్రయత్నిస్తున్నట్టు ఫైర్‌వాల్ చూపించింది. అది వస్తున్న నెట్‌వర్క్ అడ్రసు చిలమత్తూరు దగ్గరి రైతు నరసింహప్ప బోరుది. ఆ బోరు ఎండిపోయింది. సిమ్ రద్దు చేయించాం. మిషన్ను మా టెక్నీషియన్ మక్బూలన్న ఎప్పుడో తీసుకొచ్చేశాడు.

తెచ్చాడా, లేక ఎవరికైనా అమ్ముకున్నాడా?

"అన్నా, ఆ మిషన్ యాడుండాది?" అన్నాను.

ఆయన బీరువా తీసి, దుమ్ము పట్టిన మిషన్ను నా బల్ల మీద పెట్టాడు. "సిమ్ లేదు, బ్యాటరీ లేదు. నన్ను దొంగ అనుకుంటాండావా మా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అది బల్ల మీద ఉండగానే ఫైర్‌వాల్‌లో అదే ప్రయత్నం మళ్లీ కనిపించింది. ఆ ఒక్క అడ్రసుకే పోర్టు తెరిచాను. ఒకే వరుస వచ్చింది: ఆ మిషన్ నంబరు, దాని పక్కన నీటిమట్టం. ఎండిన బోరులో నీళ్లున్నాయట.

ఎవరో ఆడుకుంటున్నారనుకుంటూనే ఇద్దరం బండి మీద వెళ్లాం. నరసింహప్ప, ఆయన భార్య బెంగళూరులో కూలి పనికి పోవడానికి సంచులు సర్దుకుని, ఇంటికి తాళం వేస్తున్నారు.

"ఎండిన బోరు తాన మీకేం పనప్పా?" అన్నాడాయన.

మక్బూలన్న బోరు మీది బండ జరిపి, తాడుకు రాయి కట్టి దించాడు. తాడు తడిసి పైకి వచ్చింది. నరసింహప్ప దాన్ని పిండి, అరచేతిలో నీళ్లు చూసుకున్నాడు. తర్వాత భార్యతో, "తాళం తీ. బస్సు పోతే పోనీ," అన్నాడు.

ఆ ఏడు వాన పడలేదు. చుట్టుపక్కల బోర్లు ఇంకా ఎండిపోయే ఉన్నాయి. ఆయన మాత్రం ఆ నీళ్లతోనే మల్బరీ పెంచుతున్నాడు. ఆ అడ్రసు నుంచి మళ్లీ ఏమీ రాలేదు.

మొన్న మక్బూలన్న అడిగాడు: "నిజం చెప్పు మా, ఆడ నీళ్లుండాయని నీకెట్ల తెలిసింది?"

నాకు తెలియదన్నాను. ఆయన నమ్మలేదు. నేనూ ఆయన్ను పూర్తిగా నమ్మడం లేదు. కానీ బ్యాటరీ లేని మిషన్‌తో ఆయన మాత్రం ఆ కబురు ఎలా పంపగలడో, ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టడం లేదు.