రెక్సిన్ చుట్టిన బాణం

ఆరేళ్లపాటు నా బట్టల అలమరలో, సూట్‌కేసు వెనక, తువ్వాలులో చుట్టిన బాణం ఒకటి ఉండేది. రెండు మూరల పొడవు. ఎత్తితే బరువే ఉండదు. అయినా ఆ తలుపు తీసిన ప్రతిసారీ నా గుండెల మీద ఎవరో రాయి పెట్టినట్టయ్యేది. ఈ సంగతి ఇంతవరకు బయట ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని భయపడ్డ రోజుల్లో, ఆ వై2కె పని మీద గుంటూరు నుంచి వాట్‌ఫర్డ్ వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. పొద్దస్తమానం ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. నా తప్పును మాత్రం తువ్వాలు చుట్టి దాచుకున్నాను. నవ్వుకోండి, ఫర్వాలేదు.

ఇక్కడికి బస్సు దూరంలో, హారోలో, నర్సింగరావు అంకుల్ అని ఒకాయన. వరంగల్ మనిషి. బర్మింగ్‌హామ్‌లో ఒక ఫౌండ్రీలో ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉందామని హారో వచ్చారు. ఇంటి వెనక షెడ్‌లో లేత్ మిషన్ పెట్టుకున్నారు. ఆయన ప్రాణమంతా అందులోనే. ఒక తెలుగువాళ్లింట్లో భోజనాల దగ్గర పరిచయమయ్యారు. అప్పటినుంచి ఆదివారాలు నేనూ ఆ షెడ్‌లోనే తేలేవాణ్ణి. సగం లేత్ కోసం, సగం ఆంటీ చేసే పచ్చిపులుసు కోసం.

ఒకసారి అక్కడి చరిత్ర సంఘం వాళ్లు ఆయనకు కాగితం మీద ఒక పాత ఫిరంగి బొమ్మ తెచ్చి చూపించారు. ఫిరంగులు పుట్టిన తొలిరోజులదట. పొట్ట లావు, మెడ సన్నం, అచ్చం పడుకోబెట్టిన కూజా. మూతిలోంచి బయటికి పొడుచుకొచ్చింది గుండు కాదు, బాణం. ఇలాంటిది చేయగలరా అని అడిగారు. అంకుల్ ఆ బొమ్మను వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగారు. తన పాత ఫౌండ్రీ వాళ్లను బతిమాలి కంచు పోత పోయించారు. లోపలి గొట్టం మాత్రం ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. చలికాలమంతా ఆ షెడ్‌లో కూర్చుని, తన లేత్ మీద తానే తొలిచారు.

ఇందులో కీలకమంతా బాణం కర్రకు చుట్టే తోలులో ఉంది. తోలు నానబెట్టి, వరసలు వరసలుగా బిగించి చుడితే బాణం గొట్టంలో ఇరుక్కుని కూర్చుంటుంది. సందు మిగిలితే తుపాకి మందు బలమంతా ఆ సందులోంచే పోతుంది, బాణం ఎగరదు. తప్పులు పట్టేవాణ్ణి కదా, ఆ పని నాకిచ్చారు.

బాణం కర్ర, తోలు ఇంటికి తెచ్చి, తోలును బకెట్లో నానబెట్టాను. మర్నాటికి ఫ్లాటంతా వాసన. అప్పుడు చూశాను, పొట్లం మీద ఆవుతోలు అని రాసి ఉంది. చెయ్యి బకెట్ దాకా వెళ్లింది. ముట్టుకోలేకపోయాను. కాళ్లకు తోలు బూట్లు, నడుముకు తోలు బెల్టు, ఇన్నేళ్లూ అవి ఏ జంతువువో ఒక్కనాడైనా అడిగానా? లేదు. మరి ఆ రోజే ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది ఆ పట్టింపు? ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే, నా చెయ్యి వెనక్కి వచ్చేసింది.

ఇక్కడితో ఆగితే అది తప్పు కాదు. అంకుల్‌కు ఫోన్ చేసి ‘నావల్ల కాదు’ అంటే, ‘ఓస్, గింతేనా’ అని ఆయనే పది నిమిషాల్లో చుట్టేసేవారు. కానీ అంతకు ముందు వారమే ఆయన ఇంట్లో కూర్చుని, ఈ మడీ ఆచారం వట్టి చాదస్తమని ఆంటీకి గంటసేపు ఉపన్యాసం దంచి వచ్చాను. ఇప్పుడు ఏ మొహంతో చెప్పను? వాళ్లు నవ్వుతారని భయం. ఆ పాటి నవ్వుకు భయపడి ఇంత పని చేశాను.

ల్యాండ్‌లార్డ్ వదిలేసిన చిరుగుల సోఫా ఒకటి ఫ్లాట్‌లో ఉంది. దాని అడుగునుంచి గోధుమరంగు రెక్సిన్ కోసి బాణానికి చుట్టి, నీటుగా కుట్టాను. చూస్తే తోలే. తోలును బకెట్‌తో సహా తీసుకెళ్లి పారేశాను.

వేసవిలో ఒక మైదానంలో ప్రదర్శన. పేల్చడానికి లైసెన్సున్న మనిషి వచ్చాడు. తాడుకు అవతల జనం, పిల్లలు, ఐస్‌క్రీమ్ వ్యాన్. అంకుల్ ఇస్త్రీ కోటు వేసుకుని వచ్చారు. బాణాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగారు.

“ఏం బిడ్డా, తోలు మంచిగ నానబెట్టి చుట్టినవా? సందేం లేదు గద?”

“చుట్టానంకుల్. ఒక్క సందు కూడా లేదు.”

“ఇగ నాకు రంది లేదు. నువ్వు చూసినవంటే చూసినట్టే.”

పెద్ద చప్పుడు, తెల్లటి పొగ. బాణం వంకరగా బయటికొచ్చి, పది అడుగుల దూరంలో గడ్డిలో పడింది. జనం ఘొల్లున నవ్వారు. నేను అందరికంటే ముందు పరిగెత్తాను. రెక్సిన్ ఒక పక్క కరిగి కర్రకు అంటుకుపోయింది. దాన్ని ఒంటికి అదిమి పట్టుకుని, ఎవరి కంటా పడకుండా కారులో పడేశాను. కర్ర విరిగిపోయింది, పారేశానని అంకుల్‌కు చెప్పాను. అది రెండో అబద్ధం. ఆ బాణం వంకరగా పోయి ఎవరికైనా తగిలి ఉంటే? ఆ ఆలోచన చాలా రోజుల తర్వాత గానీ రాలేదు, అదీ నా సంగతి.

అంకుల్ ఫిరంగి మూతిలో వేలు పెట్టి తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. గొట్టం వంకరగా తొలిచానన్నారు. ఈమధ్య చేతులు ఆగడం లేదన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? పక్కనే నిలబడి ఉన్నాను. ‘అలాంటిదేం లేదంకుల్’ అన్నాను, ఓదార్చేవాడిలాగా. రెండు నెలలు తిరక్కుండా ఆయన లేత్ అమ్మేశారు. షెడ్‌కు తాళం వేశారు. టీవీ ముందు కూర్చునే మనిషైపోయారు. చూడలేక నేను వెళ్లడం తగ్గించాను. తర్వాత మానేశాను.

మొన్న ఫ్లాట్ మారుతూ సామాన్లు సర్దుతుంటే తువ్వాలు ఊడి బాణం బయటపడింది. దాన్ని మళ్లీ అట్టపెట్టెలో పెట్టి కొత్త ఇంటికి మోసుకుపోవాలా? నావల్ల కాలేదు. అలాగే పట్టుకుని హారో బస్సెక్కాను.

ఆయన ముందు బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆవుతోలు, సోఫా, పారేశానన్న అబద్ధం, ఏదీ మిగల్చలేదు. ఆయన కరిగిన రెక్సిన్‌ను గోటితో గీకి చూశారు. ‘పోనీలే బిడ్డా’ అంటారని ఒక మూల ఆశ ఉండేది. అనలేదు. నావైపు చూడనైనా చూడలేదు. రెండు చేతులూ పైకెత్తి, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నారు. ఇప్పుడవి నిజంగానే వణుకుతున్నాయి. తర్వాత బాణం తీసుకుని, షెడ్ తాళంచెవి ఎక్కడుందని ఆంటీని అడిగి, వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయారు. ఆంటీ నన్ను కూర్చోమనలేదు.

ఆయన క్షమించలేదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అమ్మేసిన లేత్ తిరిగి రాదు, ఆ ఆరేళ్లూ రావు. కానీ ఆ గొట్టం తిన్నగానే ఉందని ఇప్పుడు ఆయనకు తెలుసు. మీకు నిజం చెప్పనా? తిరుగు బస్సులో హాయిగా నిద్రపట్టేసింది. నా స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను. ఇంటికొచ్చి అన్నం రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. బాణం చుట్టిన తువ్వాలు ఉతికి ఆరేశాను. ఈ పొద్దున స్నానం చేసి దాంతోనే ఒళ్లు తుడుచుకున్నాను.