బర్రెల కొట్టంలో ఆడపిల్లల బడి

ఖాసింబీకి అక్షరం ముక్క రాదు. అయినా పదిహేడో ఎక్కం తప్పు చదివిన పిల్లను గోడ అవతల నుంచే పట్టుకునేది. "ఆడ జెర కుంటింది, మల్ల మొదటి సంది చదువు" అనేది. ఎక్కడ కుంటిందో చెప్పలేదు, కుంటిందని మాత్రం చెప్పగలదు. పిల్ల మళ్లీ చదివితే పదిహేడు ఎనిమిదుల దగ్గరో తొమ్మిదుల దగ్గరో తప్పు బయటపడేది.

ఆమె లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, ఒక ఆడపిల్లల బడికి ఆయా. పొద్దున్నే పర్దా కట్టిన ఎద్దుబండిలో చిలకలగూడ ఇళ్లన్నీ తిరిగి పిల్లలను ఎక్కించుకుని బడిలో దింపేది. సాయంత్రం దాకా తరగతి కిటికీ కింద కూర్చుని తమలపాకులు నమిలేది. పన్నెండేళ్లు అలా కూర్చుంటే గోడకు కూడా చదువు వస్తుంది. ఆమెకు మాత్రం రాగాలు వచ్చాయి, అర్థాలు రాలేదు. బండి తోలేది ఆమె మొగుడు నాసర్. రోజుకు పది మాటలు మాట్లాడితే తొమ్మిది ఎద్దుతోనే.

వాళ్ల వీధిలోనే ఉండే నా చదువు నాలుగో తరగతితో ఆగింది. ఎదుటివాళ్ల ఇళ్లలో ఏం జరుగుతుందో తెలుసుకునే చదువు ఇప్పటికీ సాగుతోంది.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వస్తోందన్న వారం లష్కర్‌లో తలుపులన్నీ మూతపడ్డాయి. పోలీస్ యాక్షన్ గురించి పెద్దలు చాలా చెబుతారు. నాకు తెలిసింది ఇంతే: ఐదు రోజులు మా ఆయన పనికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. బయట యుద్ధం ఎలా ఉందో నాకు తెలియదు, లోపలిది మాత్రం నేనే చేశాను.

ఆ తర్వాత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, దుకాణాలు తెరిచారు, బడులు కూడా తెరుస్తారని చాటింపు వేశారు. ఖాసింబీ పని చేసే బడి మాత్రం తెరవలేదు. జిల్లాల నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు తరగతి గదుల్లో పొయ్యిలు పెట్టుకున్నాయి. పెద్ద పంతులమ్మ దేవకృప నల్లగొండ వైపు అన్నగారింట్లో చిక్కుకుపోయింది.

ఒక మధ్యాహ్నం ఖాసింబీ మా పెరట్లోకి వచ్చింది. మా బర్రె పాలివ్వడం మానేసి తినడం మాత్రం మానలేదని, మా ఆయన దాన్ని అల్వాల్‌లో చుట్టాల ఇంటికి తోలేశాడు. కొట్టం ఖాళీగా ఉంది.

"అక్కా, నీ కొట్టం నాకియ్యి," అంది ఖాసింబీ.

"ఏం కట్టేస్తవ్?"

"పిల్లలను."

సంగతి చెప్పింది. రెండేళ్ల కింద ప్లేగు భయంతో బడి నలభై రోజులు మూశారు. పద్నాలుగు మంది పిల్లలను ఇళ్లలో దింపితే తొమ్మిది మందే మళ్లీ బండెక్కారు. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. ముగ్గురికి ఇంట్లో తమ్ముళ్లను ఎత్తుకునే పని దొరికింది.

"బడి బందున్నదని ఏ నాయనకు చెప్పినా అంతే, ఆ పిల్ల మల్ల గడప దాటది. అందుకే చెప్ప. దినాం పోయి పిలుస్త, బండెక్కిస్త, ఈడికి తెస్త. బడి తెరిచినంక ఆడికి తోలుకపోత."

"ఎవరన్న చూస్తే?"

"పర్దా ఎందుకు కట్టిండ్రు అక్కా?"

అది నిజమే. బండి ఏ సందు తిరిగిందో ఎవరూ చూడరు. ఆడపిల్లల బడి గేటు దాటి మగవాళ్లు లోపలికి పోవడానికి లేదు కాబట్టి ఏ తండ్రీ వెళ్లి చూసి రాడు. పిల్లల పరువు కోసం పెట్టిన కట్టుబాట్లన్నీ ఖాసింబీ అబద్ధానికి కాపలా కాశాయి.

నేను మంచితనంతో ఒప్పుకున్నానని రాస్తే మా వీధిలో ఎవరూ నమ్మరు. తొమ్మిది ఇళ్ల పిల్లలు మా కొట్టంలో కూర్చుంటే తొమ్మిది ఇళ్ల సంగతులూ నా దగ్గరికే నడిచి వస్తాయి కదా.

అందరిలోకీ ఖాసింబీకి బెంగ సుమిత్ర మీద. కిరాణా దుకాణం వీరయ్య కూతురు. వేసవికి ముందు మిడిల్ పరీక్షకు కూర్చోవాల్సిన పిల్ల ఆ బండిలో ఆమె ఒక్కతే. వీరయ్య కూతురు చదువును నెలకొకసారి తూకం వేసేవాడు. "ఈ నెల సూస్త" అనేవాడు. "బండి రాని దినం చదువు సుత బందే" అని నా ముందరే అన్నాడు. అదీ కాక, కాలం ఎలాంటిదంటే, మొన్నటి దాకా వీరయ్య సందుల వెంట భయపడుతూ పోయేవాడు, ఇప్పుడు అవే సందుల్లో నాసర్ భయపడుతూ పోతున్నాడు. సందులు మారలేదు, భయం చేతులు మారింది.

మరుసటి సోమవారం కొట్టంలో బడి మొదలైంది. బర్రె మేత మేసే గాటి పలకకు బొగ్గుపొడి, ఆకు పసరు పూసి నల్లబల్ల చేశారు. నా ఇత్తడి తాంబాళం గంట అయింది. దాని మీద గరిటెతో కొట్టే హక్కు ఖాసింబీకి తప్ప ఎవరికీ లేదు. సుమిత్ర లెక్కలూ తెలుగూ చెప్పేది. దర్జీ నాగూర్ బాషా కూతురు అక్బర్ బీ ఉర్దూ చెప్పేది. పెద్దపిల్లలు ఒకరికొకరు పాఠాలు అప్పజెప్పుకునేవారు.

ఖాసింబీ గుమ్మంలో కూర్చుని వినేది. ఒకరోజు సుమిత్ర పాఠం ముగించి పుస్తకం మూయబోతే ఆపింది.

"పెద్ద పంతులమ్మ ఈ పాఠం చెప్పేటప్పుడు రెండుసార్లు ఊపిరి తీసుకుంటది. నువ్వు ఒక్కసారే తీసుకున్నవ్. నడుమల ఏదో ఇడిసిపెట్టినవ్."

చూస్తే రెండు పేజీలు అతుక్కుని ఉన్నాయి. నేను పకపకా నవ్వాను. "అక్కా, నవ్వేటోళ్లు బయటికి," అంది. నా కొట్టంలోంచి నన్నే వెళ్లగొట్టింది. మర్నాటి నుంచి నోరు మూసుకుని వెనక వరుసలో కూర్చున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నాకు భిన్నాలు వచ్చాయి. రొట్టెను ఏడు భాగాలు చేస్తే మా ఆయనకు ఎన్నో వంతు పెట్టాలో అప్పటి నుంచి కచ్చితంగా తెలుసు.

ఇలా ఇరవై రోజులు గడిచాయి. ఒక శుక్రవారం చింతపండు కోసం వీరయ్య దుకాణానికి పోయాను. అంతలో గొడుగు ముడుచుకుంటూ దేవకృప వచ్చింది. దారులు తెరుచుకోగానే తిరిగొచ్చి, పిల్లల తల్లిదండ్రులను బతిమాలడానికి బయల్దేరిందట, మొదటి గడప వీరయ్యదే.

"వీరయ్యగారూ, గదులు ఖాళీ అయ్యాయి, సోమవారం బడి తెరుస్తున్నాం," అంది. "నలభై రోజులు మూతపడిందని మనసు మార్చుకోకండి. సుమిత్రను మళ్లీ పంపండి."

"మల్ల పంపుడేంది పంతులమ్మా, దినాం పంపుతనే ఉన్న గద."

"ఎక్కడికి?"

వీరయ్య నా వైపు తిరిగాడు. నా ముఖంలో రహస్యం నిలవదు, అది మా వంశంలోనే లేదు.

"వదినా, నీకెరికేనా?"

"చింతపండుల గింజలు ఎక్కువున్నయి వీరయ్యా," అన్నాను.

అంతే, దుకాణం దిగి మా ఇంటి దారి పట్టాడు. నేను వీలైనంత మెల్లగా నడిచాను. మోకాలు నొప్పి అన్నాను, చెప్పు తెగింది అన్నాను. ఆయన ఆగలేదు. దేవకృప గొడుగు పట్టుకుని మా వెనకే వచ్చింది.

కొట్టం గుమ్మంలో వీరయ్యను చూసి ఖాసింబీ లేచింది. లోపల సుమిత్ర సుద్దముక్క పట్టుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది.

"ఖాసింబీ, నేను బిడ్డను బడికి పంపిన్నా, బర్రెల కొట్టానికి పంపిన్నా?"

"కొట్టానికే సేటూ. బర్రె లేదు."

"దినాం నా గడపల నిలబడి అబద్ధం జెప్పినవ్."

"జెప్పిన. నిజం జెప్తే పంపుతుంటివా?"

వీరయ్యలో నాకు నచ్చే గుణం ఒకటుంది, కోపంలో కూడా అబద్ధం రాదు. "పంపకపోతుంటి," అన్నాడు. మళ్లీ గొంతు పెంచాడు. "దినాలు ఎట్లున్నయి? తొవ్వల బండికి ఏమన్న అయితే నా బిడ్డ ఏం గావాలె?"

"బండి ముందర కూసునేది నా మొగడు సేటూ. ఏమన్న అయితే ముందుగాల ఆయనకయితది."

బయట నాసర్ ఎద్దు మెడ మీద చెయ్యి వేసుకుని నేల చూస్తున్నాడు.

వీరయ్య కూతురి వైపు తిరిగాడు. "ఇంటికి నడువు."

సుమిత్ర కదల్లేదు. "ఇంక గంట కొట్టలే నాయనా."

దేవకృప మమ్మల్ని పక్కకు జరిపి బల్ల దగ్గరికి పోయింది. దాని మీద ఉన్న లెక్కను మొదటి నుంచి చివరి దాకా చదివింది. సుమిత్ర పుస్తకం తీసి పేజీలు తిప్పింది. "బడి మూయకముందు నేను ఇక్కడ ఆపాను," అని ఒక పేజీ చూపించింది. ఇంకో ఇరవై పేజీలు తిప్పి, "వీళ్లు ఇక్కడున్నారు," అంది. తర్వాత ఖాసింబీని చూసి, "నాకు చెప్పకుండా నా బడి నడిపావు," అంది. ఆ మాట కోపమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

వీరయ్య ఇంటికి పోలేదు. గాటి అంచు మీద, ఒకప్పుడు మా బర్రె మెడ ఆనించిన చోట, కూర్చున్నాడు. సుమిత్ర మళ్లీ లెక్క మొదలుపెట్టింది. అదేమిటో ఆయనకు అర్థం కాలేదని ముఖమే చెబుతోంది. అయినా గంట కొట్టే దాకా లేవలేదు.

"సోమారం సంది నేను సుత బండెక్కుత," అన్నాడు పోతూ. "బడి గేటు నా కండ్లతోటి సూస్త."

అన్నట్టే సోమవారం నాసర్ పక్కన ఎక్కి కూర్చున్నాడు. వీరయ్య బండెక్కాడని తెలిసి మంగళవారం నాగూర్ బాషా ఎక్కాడు. గురువారానికి బండి ముందు నలుగురు తండ్రులు, వెనక పర్దాలో ఆ తొమ్మిది ఇళ్ల పిల్లలు, ఖాసింబీ. ఇన్నాళ్లూ ఎవరి ఇంటి ముందర వారు భయపడుతూ కూర్చున్న మనుషులు ఆ ఇరుకులో ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతుంటే బీడీలు మార్చుకోవడం నేను మా అరుగు మీద నుంచి చూశాను.

మా ఇల్లు దాటగానే స్టేషన్ వైపు ఎత్తు వచ్చేసరికి ఎద్దు ఆగిపోయింది. నాసర్ అదిలించాడు, బతిమాలాడు. చివరికి తండ్రుల వైపు తిరిగి, నేనెప్పుడూ ఆయన నోట వినని పొడుగు మాట అన్నాడు. "ఎద్దుకు పిల్లల బరువు అలవాటున్నది. నాయనల బరువు లేదు."

పర్దా వెనక నుంచి ఖాసింబీ గొంతు వినిపించింది. "నాయనలందరు దిగుండ్రి. పిల్లలకు ఆలస్యమైతున్నది."

నలుగురూ దిగారు. బండి ఎత్తెక్కి మలుపు తిరిగింది. ముగ్గురు దాని వెంట నాలుగడుగులు వేసి ఆగారు. వీరయ్య అసలు కదల్లేదు. బొడ్లో దుకాణం తాళాలు తడుముకుని వెనక్కి తిరిగాడు.

నన్ను చూసి, "ఏం సూస్తున్నవ్ వదినా?" అన్నాడు.

"ఎద్దును," అన్నాను.