ఎర్రగుడ్డ చుట్టిన గొడుగు

మా ఆయనకి బీపీ ఉందని, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి నాలుగేళ్ల రెండు నెలలైంది. ఆయనకి తోడుగా అప్పటినుంచి నేనూ చప్పిడి కూరలే తింటున్నాను. మొన్న పలాస బస్సులో నా పక్కన కూర్చున్న ఎండుచేపలావిడకి ఆ మాటే చెప్పాను.

ఆమె నవ్వింది. "కాశీబుగ్గ బజార్లో నా కాడికి ఓ మావ రోజూ వత్తాడమ్మా. సద్దన్నంలోకి ఉప్పుసేప కాల్సి పెట్టమంటాడు. ఇంటికాడ గడ్డి పెడతన్నారంట, పాపం!"

మనిషి ఎలా ఉంటాడని అడిగాను.

"ఏటో, గొడుగు పిడికి ఎర్రగుడ్డ సుట్టుంటాది."

ఆ గుడ్డ చుట్టింది నేనే.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆయన ఆనపకాయ కూర కలుపుకుని, "ఉప్పు లేకపోయినా నీ చేతి కూర అమృతమే" అన్నారు.

నేను లేచి ఉప్పు డబ్బా తెచ్చుకుని, నా కంచంలో మాత్రమే వేసుకున్నాను.