మా సార్‌కి నేనిచ్చిన ఆరో స్థానం

పోయిన శనివారం ఇక్కడ సింగపూరులో మా అమ్మాయి ఫుట్‌బాల్ క్లాసు వాళ్ళ నుంచి నా ఫోనుకి ఒక ఫారం వచ్చింది. సీజను అయిపోయింది కాబట్టి వాళ్ళ లీగులో ఆడే ఆరు సెంటర్ల హెడ్ కోచ్‌లనూ పిల్లలు, తల్లిదండ్రులు కలిసి ఒకటి నుంచి ఆరు దాకా వరసలో పెట్టి పంపించాలట. మా పుంగ్గోల్ కోచ్, బుకిట్ బటోక్ కోచ్, పాయా లేబర్ కోచ్, ఇంకో ముగ్గురు, అందరి ఫోటోలూ ఉన్నాయి, వేలితో పైకీ కిందికీ జరిపితే చాలు. నేనసలే చిన్నదానికీ పెద్దదానికీ బెంగపడే మనిషిని. పిల్ల రెండుసార్లు దగ్గితే నాకు నిద్రపట్టదు, మైదానంలో పిడుగుల హెచ్చరిక సైరను మోగితే పిల్లకంటే ముందు నేనే పరుగెత్తి నీడకు చేరతాను. అటువంటిదాన్ని ఆ ఆరు ఫోటోలనూ ముందు పెట్టుకుని అరగంట కూర్చున్నాను. మా కోచ్ ఒక మలయ్ జాతి పెద్దాయన, నెమ్మదస్తుడు, ఈ ఏడు మా పిల్లలు గెలిచింది రెండే రెండు ఆటలు. ఆయన్ని కింద పెడితే ఆయనకేమవుతుందో, పైన పెడితే చూసినవాళ్ళేమనుకుంటారో అని నేను తేల్చుకోలేకపోతుంటే, పక్కన పెరుగన్నం తింటున్న ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ఇక్కడి యాసలో విసుక్కుంది.

"ఇంతసేపా అమ్మా? మా కోచే ఫస్ట్ లా."

జట్టు అన్నిట్లో ఓడిపోతే కోచ్ ఫస్టెలా అవుతాడమ్మా అని మా ఆయన సోఫాలోంచి ఉడికించారు.

"సో వాట్, నాన్నా? హీ ఈజ్ అవర్ కోచ్," అని అది ఎడమచేత్తో ఫోటోని పైకి నెట్టి, పంపించేసి, మళ్ళీ పెరుగన్నంలో పడింది.

ఆ పిల్లకి అరనిమిషం కూడా పట్టని పని పదిహేనేళ్ళ కిందట నాకు చేతకాలేదు. వారం రోజులుగా ఆ సంగతే మనసులో తిరుగుతోంది. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప నెమ్మదించేలా లేదు, ఇంట్లో అందరూ పడుకున్నాక ఇలా కూర్చుని రాస్తున్నాను. నాతోపాటు ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళకి, మనం ఎలాంటి ఇళ్ళల్లో పెరిగామో తెలిసినవాళ్ళకి, నేను చేసిన పని అర్థమవుతుందని నా ఆశ.

మాది గుంతకల్లు. రైళ్ళ చప్పుడు లేకపోతే నిద్రపట్టని ఊరు. అక్కడ మేము చదివిన ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు, అప్పుడు మా ఇళ్ళల్లోవాళ్ళే నమ్మలేదు. ఆ జట్టును పుట్టించింది మా సార్. లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, వయసులో ఉన్నప్పుడు రైల్వే జట్టుకి ఆడారట. కాలేజీలో ఆయనది ఏడాదికోసారి పొడిగించే చిన్న కొలువు, పింఛనుతో ఇల్లు గడిచిపోయేది కాబట్టి జీతం ఎంతని ఆయన ఎప్పుడూ అడిగినట్టు లేరు. పిల్లలు లేరు ఆయనకి. సాయంత్రమైతే మైదానం, మైదానంలో మేము, అంతే ఆయన లోకం.

ప్యాంటు వేసుకుని ఆడాలంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోని రోజులవి. సార్ ఒక్కో ఇంటికీ సైకిల్ మీద వచ్చి, అరుగు మీద కూర్చుని, ఆట మాట ఎత్తకుండా వానల గురించీ శనక్కాయ పంట గురించీ మాట్లాడి వెళ్ళిపోయేవారు. అలా మా ఇంటికి నాలుగుసార్లు వచ్చాక, అయిదోసారి మా నాన్నే విసుగెత్తి, అమ్మాయిని ఆటకి పంపమంటారా ఏంది అని అడగాల్సి వచ్చింది. మొదటి ఏడాది మాలో సగంమందికి బూట్లు లేవు, ఒట్టి కాళ్ళతోనే ఆడాం. మా నేలలో పల్లేరుకాయలు ఎలా ఉంటాయో సీమవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అయినా మా మైదానంలో ఏనాడూ ఎవరి కాల్లోనూ ముల్లు దిగలేదు, అదేదో మా అదృష్టమనుకున్నాం. ఒకరోజు మా గోల్‌కీపరు, అక్కవాళ్ళను రైలెక్కించి తెల్లారకముందే ఆ దారిన వస్తూ, సార్ గోనెసంచి పట్టుకుని, వంగి వంగి మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పల్లేరుకాయలు ఏరుతుండడం చూసింది. ఆయన రోజూ చేస్తున్న పని అది. మేము చూశామని కూడా ఆయనకి చెప్పలేదు.

మా జోన్‌లో ఆరు కాలేజీలకి ఆడపిల్లల జట్లుండేవి. టోర్నమెంటు అయ్యాక ప్యాసింజరు రైల్లో తిరిగివచ్చేటప్పుడు మాకొక ఆట, ఆరుగురు కోచ్‌లకీ ర్యాంకులివ్వడం. ర్యాంకులు లేకుండా మన చదువులెక్కడున్నాయి గనక, అందరూ మాకు ర్యాంకులిస్తుంటే మేము కోచ్‌లకి ఇచ్చుకునేవాళ్ళం. ఒక కాలేజీకి నల్లకళ్ళద్దాల కుర్ర కోచ్, ఎక్కడో పెద్ద సంస్థలో శిక్షణ సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాడు. ఇంకో కాలేజీకి కారులో దిగే మేడమ్, ఆవిడ ఈల వేస్తే గేటు బయట ఆటోలు ఆగేవి. మా సార్ మైదానం గీత పక్కన ఒక రాయి మీద కూర్చుని చివరిదాకా ఒక్క మాట అనేవారు కాదు. అరవరేంటి సార్ అని అడిగితే, బంతి మీ కాళ్ళ దగ్గరుంది, నా నోట్లో లేదు అనేవారు. రైల్లో మేమిచ్చే ర్యాంకుల్లో మొదటి స్థానం ప్రతిసారీ ఆయనదే. కాకపోతే సార్ పక్క పెట్టెలో ఎక్కేవారు, ఆ మాట వినడానికి మా పెట్టెలో మేము తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

మూడో ఏడు టోర్నమెంటు మా కాలేజీలోనే జరిగింది, నేను కెప్టెన్ని. ఆ ఏడు జరిపించేవాళ్ళు కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. ఆరు జట్ల కెప్టెన్లూ ఆరుగురు కోచ్‌లకీ వరస ఇచ్చి, సంతకం చేసి ఇవ్వాలి, అన్నీ కలిపి మొదట వచ్చినవారికి శాలువా కప్పుతారు. ఆఖరి ఆట అయిన వెంటనే కాగితాలు చేతిలో పెట్టి అక్కడికక్కడే రాయమన్నారు.

నేనేం చేశానో చెప్పేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ పంక్తిలో వడ్డిస్తే వచ్చినవాళ్ళందరికీ అయ్యాకే మా విస్తళ్ళ వైపు చూసేది. ఓళిగలు తక్కువైతే ఆ తక్కువ మాకే. బడిలో నాకు బహుమతి వస్తే, పక్కింటివాళ్ళ ముందు ఆ మాట ఎత్తకుండా వాళ్ళ పిల్లల చదువు గురించి అడిగేది. మనవాళ్ళని మనం ముందు పెట్టుకోవడం మా ఇంట్లో సిగ్గుచేటు. పైగా ఆ రోజు మేము పిలిచినవాళ్ళం, మిగతా అయిదుగురూ మా మైదానానికి వచ్చిన అతిథులు. నా కాగితం మీద మా సార్ పేరు మొదట రాస్తే, పిలిచి మరీ సొంత డప్పు కొట్టుకున్నారనుకుంటారని భయపడ్డాను. కుర్ర కోచ్‌కి ఒకటి, కారు మేడమ్‌కి రెండు, అలా మర్యాదగా అందరికీ వేసి, మా సార్‌కి ఆరు వేశాను. అంత నిశ్చింతగా ఎందుకు వేశానంటే, మిగతా అయిదుగురు కెప్టెన్లూ ఆయన పేరే మొదట రాస్తారని నా నమ్మకం. ఆ మూడు రోజులూ వాళ్ళ కాళ్ళకి ముల్లు గుచ్చుకోకుండా చూసింది ఆయనే కదా.

వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. తెలిసినా ఏమయ్యేదో. అయిదుగురూ ఎవరి కోచ్‌కి వాళ్ళు ఒకటి వేసుకున్నారు.

షామియానా కింద మైకులో మొదటి పేరు నుంచి ఆరో పేరుదాకా చదివారు. ప్రతి పేరుకీ సార్ చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆరో పేరు తనది వచ్చినప్పుడు కూడా అలవాటుగా రెండు చేతులూ దగ్గరికొచ్చాయి, సగంలో అవి నమస్కారం అయ్యాయి. నా పక్కన నిలబడ్డ మా గోల్‌కీపరు అప్పటికే బల్ల మీది కాగితాలు చూసి వచ్చినట్టుంది, నా చెవిలో మెల్లగా అడిగింది.

"సార్ నీకేం అన్యాయం చేసినాడే?"

మర్యాదకి వేశానని చెప్పాను. అది ఆ తర్వాత ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

ఆ కాగితాలు వేదిక మీదున్న కరస్పాండెంటు గారు కూడా చూశారు. సొంత కెప్టెనే ఆఖరి స్థానం ఇచ్చినాయన్ని ఎందుకు పెట్టుకున్నామని వాళ్ళ సమావేశంలో మాట వచ్చిందట, జూన్‌లో సార్ కొలువు పొడిగించలేదు. కొత్తగా వచ్చినాయన రెండు నెలలుండి వేరే ఊరు వెళ్ళిపోయాడు, ఆ తర్వాత జట్టే లేదు. అప్పటికి నా పరీక్షలయిపోయి, ఎంసీఏకి హైదరాబాదు వెళ్ళే హడావిడిలో ఉన్నాను. వెళ్ళి జరిగింది చెప్పేయాలని ఒకసారి రైల్వే కాలనీ వెనక సార్ వాళ్ళ సందు మొదటిదాకా వెళ్ళాను. సార్ గుమ్మంలో కూర్చుని సైకిల్ తుడుచుకుంటున్నారు. పోయిన కొలువు నా మాటతో తిరిగిరాదు కదా, ఏ మొహంతో వెళ్ళనని వెనక్కొచ్చేశాను.

తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి, సింగపూరు ప్రయాణం. బయలుదేరే ముందు అమ్మని చూడటానికి ఊరెళ్ళినప్పుడు, ఈసారి చెప్పకుండా వెళ్ళకూడదని గట్టిగా అనుకుని సార్ ఇంటికి వెళ్ళాను. ఆయన నన్ను గుర్తుపట్టి, పట్టలేని సంతోషంతో లోపలికి కేక వేశారు. వాళ్ళావిడ అప్పటికప్పుడు ఉగ్గాని చేసి, నాలుగు బజ్జీలు కూడా వేసి పెట్టింది. ఎదురింటాయన పేపరు కోసం వస్తే ఆయనకి నన్ను చూపించి సార్ చెప్పిన మాటలు నాకిప్పటికీ అలాగే వినిపిస్తాయి.

"ఈ పాపే, నేను చెప్తుంటానే. అయిదుగురు పిల్లోళ్ళూ ఎవురి సార్‌కి వాళ్ళు ఒకటో నంబరు ఏసుకున్న్యారు. ఈ పాప ఒక్కతే ఉన్నిది ఉన్నట్ల రాసింది. నాకు ఆరు."

సార్, అది కాదు, అని నేను మొదలుపెట్టాను. ఆయన చేయి అడ్డం పెట్టారు.

"బాధపడొద్దు పాపా. నువ్వు రాసినాకనే నాకు తెలిసొచ్చింది, ఆట ఆడేది వచ్చు గానీ చెప్పేది నాకు రాదని. ఆ పొద్దు నించి గ్రౌండు తట్టు పోలేదు."

వాళ్ళావిడ గిన్నె పట్టుకుని నా వైపు చూస్తోంది. ఎన్నేళ్ళుగా ఈ కథ ఆ ఇంట్లో చెప్పుకుంటున్నారో, ఎంతమందికి చెప్పారో. తన జీవితం మొత్తం మీద ఆయన దగ్గర మిగిలింది అబద్ధం రాయని ఒక శిష్యురాలు. నేను నిజం చెప్తే ఆయన మంచి కోచ్ అవుతారు, కానీ ఆ శిష్యురాలు ఉండదు. పోయిన సాయంత్రాలూ తిరిగిరావు, ఉట్టి పుణ్యానికి మైదానం వదులుకున్నానని తెలిసి ఆ మనిషి ఏమవుతారో అని భయం వేసింది. నా భయాలన్నీ ఎప్పుడూ అవతలివాళ్ళ కోసమే అనుకుంటాను గానీ, అందులో నా కోసం ఎంత ఉందో ఇప్పుడు కూడా తేల్చి చెప్పలేను. తల వంచుకుని ఉగ్గాని తిన్నాను. వచ్చే ఏడాది వచ్చినప్పుడు తీరిగ్గా కూర్చుని చెబుదామనుకున్నాను.

వచ్చే ఏడాది నాకు కానుపు. ఆ తర్వాతి ఏడు పిల్లకి ఒంట్లో బాగుండక ప్రయాణం మానుకున్నాం. పిల్ల అప్పుడే నిలబడటం నేర్చుకుంటున్న రోజుల్లో మా గోల్‌కీపరు ఫోన్ చేసి సార్ పోయారని చెప్పింది. మేము పదకొండుమందిమి అటొకరం ఇటొకరం అయిపోయాం, చూడటానికి వెళ్ళింది అదొక్కతే. నేను రాసిన కాగితం ఊసు ఇద్దరం ఎత్తలేదు.

ఇక్కడ మా అమ్మాయి ఆడే మైదానం యంత్రంతో కోసిన గడ్డి, కాలికి గుచ్చుకునేదేదీ మొలవదు. కోచ్ ప్రతి పిల్లనీ పేరుపెట్టి మెచ్చుకుంటారు, బంతిని తన్నబోయి గాలిని తన్నినా మెచ్చుకుంటారు, పిల్లలూ ఆయన్ని మొహం మీదే మెచ్చుకుంటారు. వచ్చిన కొత్తలో ఇదంతా నాకు అతిగా కనిపించేది, పిల్లకి పొగరు వస్తుందేమోనని కూడా బెంగపడ్డాను. తనవాళ్ళు మంచివాళ్ళని చెప్పడానికి దానికి సిగ్గు లేదు, గెలిచారా ఓడారా అని లెక్క చూసుకోనక్కర్లేదు. నేను దాని వయసు నుంచే ఆ మాటని మింగడం నేర్చుకున్నాను.

అమ్మనీ తప్పుపట్టలేను, ఆవిడ నేర్పింది మర్యాదే. మనవాళ్ళ మంచి మనం చెప్పుకోకూడదు, పక్కవాళ్ళు చెప్పాలని మన ఇళ్ళల్లో అందరం అనుకున్నాం. ఆ పక్కవాళ్ళకి చెప్పుకోవడానికి వాళ్ళవాళ్ళు ఉంటారని మాత్రం ఎవరికీ తోచలేదు. మా సార్‌కి ఉన్నది మేము పదకొండుమందిమే.