ముప్పై సెకన్ల కుళాయి

2004 వేసవి. అప్పట్లో భీమవరంలో నాకు చిన్న వీడియో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, కాలేజీ వార్షికోత్సవాలు తీసేవాణ్ణి. ఎన్నికలు రావడంతో మాలాంటివాళ్ళకి కొత్త పని తగిలింది. అంతకుముందు అభ్యర్థులు గోడరాతలతో, రిక్షా మైకులతో సరిపెట్టుకునేవారు. ఆ ఏడాది మా కేబుల్ టీవీలో సీరియళ్ళ మధ్య సబ్బుల ప్రకటనల పక్కనే వాళ్ళూ కనిపించడం మొదలుపెట్టారు.

ఒక అభ్యర్థి కోసం హైదరాబాదు నుంచి యాడ్ ఏజెన్సీ దిగింది. డైరెక్టరు కిరణ్‌కి పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. నన్ను కెమెరామన్‌గా పెట్టుకున్నాడు. తీయాల్సింది ముప్పై సెకన్ల స్పాట్, అంటే చిన్న ప్రకటన. అభ్యర్థిగారు కుళాయి తిప్పుతారు, బిందెల్లో నీళ్ళు పడతాయి, ఆడవాళ్ళు నవ్వుతారు. అంతే.

ఎంచుకున్న ఊరు సముద్రం వైపుది. చుట్టూ రొయ్యల చెరువులే. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీరు. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశారంటే మంచినీళ్ళ కోసం పక్క ఊరిదాకా నడవాలి. అలాంటి ఊరి పేట మొదట్లో ఏజెన్సీవాళ్ళు ముందురోజే దిమ్మ కట్టి, కొత్త ఇత్తడి కుళాయి బిగించారు. దాని వెనక నుంచి రబ్బరు గొట్టం ఒకటి తాటాకు దడి చాటున ఉన్న ట్రాక్టరు ట్యాంకుకి వెళ్ళింది.

"ఆర్టిస్టులెక్కడండీ?" అని అడిగాను.

"అక్కర్లేదు మూర్తిగారూ. రియల్ పీపుల్ వస్తారు" అన్నాడు కిరణ్.

నిజంగానే వచ్చారు. కుళాయి వేశారని విని పేటలో ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చారు. కెమెరా చూసి ప్రారంభోత్సవం అనుకున్నారు. ఇది ప్రకటన కోసమని వాళ్ళకి ఒక్కరూ చెప్పలేదు. చెప్పే ఉంటారని నేననుకున్నాను.

వరసలో ముందున్నావిడ పేరు రత్నకుమారి. కూలి పనులకి వెళ్ళే మనిషి. అభ్యర్థిగారు కుళాయి తిప్పగానే ఆవిడ బిందెలో తెల్లగా ధార పడింది. వ్యూఫైండరులో ఆవిడ మొహం చూశాను. ఎన్నో పెళ్ళిళ్ళు తీశాను గానీ అలాంటి నవ్వు నాకు ఎక్కడా దొరకలేదు. వెనకున్నవాళ్ళు కూడా ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేతులేసుకుని నవ్వుతున్నారు.

"కట్!" అన్నాడు కిరణ్. అభ్యర్థిగారు కుళాయి వంక చూడాల్సింది పోయి కెమెరా వంక చూశారట. రీటేక్, అంటే మళ్ళీ తీయాలి. షాటుకీ షాటుకీ తేడా రాకూడదు గనక బిందె ఖాళీగా ఉండాలి. మా భాషలో దాన్ని కంటిన్యూటీ అంటారు.

"అమ్మా, ఆ నీళ్ళు పారబోసెయ్యండి" అన్నాడు కిరణ్.

రత్నకుమారికి అర్థం కాలేదు. "పారబొయ్యడమేంటండీ?"

"మళ్ళీ పడతాం కదమ్మా."

"ఈ నీళ్ళకి మేం ఎంతదూరం ఎల్తామో తెలుసాండీ మీకు? ఇంటికాడ దింపేసి ఖాళీ బిందె తెచ్చుకుంటాను. ఓ నిమిషం ఆగండి."

"టైం లేదమ్మా!"

అభ్యర్థిగారు వాచీ చూసుకుని, "కానివ్వండి బాబూ, అవతల మీటింగుంది నాకు" అన్నారు. ఆ ఊరికి నీళ్ళు లేవని ఆయనకి తెలుసు. తెలిసే కదా ఆ ఊరిని ఎంచుకున్నది!

ఈలోగా కిరణ్ అసిస్టెంటు ఒకతను వచ్చి, ఆవిడ చేతిలోని బిందె లాక్కుని నేల మీద వంచేశాడు. ఎండకి నెర్రెలిచ్చిన నేల ఆ నీళ్ళు తాగేసింది. ఆవిడ వంగి బిందె అడుగున మిగిలిన కాసిని నీళ్ళూ చూసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకో ఖాళీ బిందె పెట్టుకుంటే కొంప మునుగుతుందా?" అన్నాను.

"చూసేవాడికి తేడా తెలిసిపోతుంది సార్" అన్నాడు కిరణ్.

"బిందె మారితే తెలుస్తుంది గానీ, కుళాయి వెనక ట్యాంకుందని తెలియదా?"

"మీ పని షూట్ చెయ్యడం" అన్నాడు.

"నేను చెయ్యను" అని కెమెరా స్టాండు మీంచి దించేశాను. వాళ్ళ దగ్గర ఇంకో కెమెరా ఉంది. మిగతాది కిరణే తీసుకున్నాడు. పని అయ్యాక గొట్టం చుట్టేసి, సగం నిండిన ట్యాంకుతో ట్రాక్టరుని బయలుదేరమన్నారు. ఇంకో ఊళ్ళో ఇదే ప్రకటన తీయాలట. ఆడవాళ్ళు ట్రాక్టరుకి అడ్డం నిలబడ్డారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాను. డ్రైవరు సత్తిబాబు మా అందరినీ ఓసారి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగాడు.

"బండి స్టార్టవట్లేదండి" అన్నాడు కిరణ్‌తో. తర్వాత ఆడవాళ్ళవైపు తిరిగి, "పట్టుకోండమ్మా" అన్నాడు.

ట్యాంకు ఖాళీ అయ్యేదాకా బండి స్టార్టవలేదు.

వారం తిరక్కుండానే ప్రకటన వచ్చింది. అభ్యర్థిగారు కుళాయి తిప్పే ముక్క కిరణ్ తీసినదే. నవ్వు మాత్రం నేను తీసిన మొదటి టేకులోది. ఆ నవ్వు తీసెయ్యమని ఏజెన్సీకి ఫోన్ చేస్తే, టేపు వాళ్ళదన్నారు.

ఆగలేక ఆ ఊరు వెళ్ళాను. దిమ్మ అలాగే ఉంది, కుళాయి లేదు. రత్నకుమారి చెప్పింది: "టీవీలో చూసి అవతల పేటోళ్ళు బిందెలట్టుకుని వచ్చేశారండి. పసిపిల్లల్ని చంకనేసుకుని, ఆ ఎండలో. మీకు నీళ్ళొచ్చి మాకు చెప్పలేదేంటని మా మీద కేకలేశారండి. దిమ్మ చూపించాక గానీ నమ్మలేదు."

ఆ దిమ్మ వంక చూసి మళ్ళీ అంది. "నీళ్ళొచ్చాయని నవ్వామండి మేము. ఆయనొచ్చాడని కాదు. అది కూడా టీవీలో చెప్పొచ్చు కదండీ?"

అభ్యర్థిగారు గెలిచారు. ఆ ప్రకటన చాలా బాగుందని భీమవరంలో అందరూ అన్నారు.

అబద్ధపు ప్రకటనకి అబద్ధపు నటన కావాలని అంతకుముందు అనుకునేవాణ్ణి. దాహంతో ఉన్నవాళ్ళ నిజమైన సంతోషాన్ని కత్తిరించి, ఇంకొకడి మొహం పక్కన అతికిస్తే చాలని ఆ వేసవిలో తెలిసింది. ఆ తర్వాత ఎన్నికల పనికి పిలిచిన ప్రతివాళ్ళనీ ముందు ఒక్కటే అడిగేవాణ్ణి: "మేం కెమెరా సర్దుకుని వెళ్ళిపోయాక అక్కడ ఏం మిగులుతుందండీ?"

చాలామంది ఫోన్ పెట్టేసేవారు.