చెవులపిల్లి కూర

నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది గానీ, హాస్టల్లో చోటు దొరికితేనే పంపుతానన్నాడు నాయన. ఆళ్లగడ్డ నుంచి నేను రోజూ బస్సులో తిరగడం ఆయనకు ఇష్టం లేదు. అప్పటికి డెబ్బైలు ముగియవచ్చాయి. హాస్టల్ వార్డెన్ ఒక శనివారం మా చర్చిలో ఆడవాళ్ల కూడికకు వస్తున్నదని తెలిసి, నాయన ఆమెను మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. మంచాలు కొద్దిగానే ఉన్నాయనీ, పిల్లతో మాట్లాడాకే ఏ సంగతీ చెబుతాననీ ఆమె ముందే కబురు పంపింది.

చిక్కంతా ఆ మాట్లాడటం దగ్గరే. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగిలేది కాదు. చెప్పాలనుకున్నవన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

ముందురోజు సాయంత్రం మామ జొన్నచేలో చిక్కిన చెవులపిల్లిని తెచ్చిచ్చాడు. తెల్లవారగానే నాయన తల్లి, మా జేజి, పొయ్యి ముట్టించింది. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించింది. మట్టిసట్టిలో ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక అల్లం, తెల్లగడ్డల ముద్ద వేసి, ముక్కలు వేసి తిప్పింది. ధనియాలు, లవంగాలు, ఎండుకొబ్బరి నేను నూరాను. నీళ్లు పోసి మూత పెట్టగానే పొయ్యిలోని కట్టెలను ఇవతలికి లాగేసింది.

"మంట ఎక్కువైతే ముక్క తాడైతాది. నిదానంగా ఉడకనీ."

మూతగా పెట్టిన పళ్లెంలోనూ నీళ్లు పోసింది. కూర ఇగిరినప్పుడల్లా ఆ వేడినీళ్లే లోపలికి వంచేది. నేను పక్కన కూర్చుని రాసుకుంటుంటే, "ఏందే రాస్తాండావు? కూర కాగితంలో ఉడుకుతాదా?" అంది.

కూడిక అయ్యాక మా ఇంటికి వచ్చిన వార్డెన్ గుంటూరు వైపు మనిషి. నంద్యాలకు వచ్చి ఏడాది కూడా కాలేదట. టీచరు ఎందుకు కావాలనుకుంటున్నావమ్మా అని అడిగింది. నేను తల వంచుకున్నాను. నాకు బదులు నాయన ఏదో చెప్పబోయాడు.

"మీరు కాదండీ, అమ్మాయి చెప్పాలి. రేపు నలభైమంది పిల్లల ముందు మీరొచ్చి నిలబడతారా?"

నాయన ముఖం చిన్నబోయింది.

భోజనాల ముందు ఆమే ప్రార్థన చేసింది. జొన్నరొట్టె తుంచి కూరలో అద్దుతుంటే జేజి, "తినమ్మా, చెవులపిల్లి కూర. పొద్దున్నుంచీ ఉడుకుతాండాది," అంది.

ఆమె చేయి ఆగిపోయింది. "పిల్లా?"

"ఊఁ. బాగా బలిసింది. రెండు చిక్కింటే నీకు నంద్యాలకు గూడా కట్టిచ్చేదాన్ని."

ఆమె రొట్టెముక్కను పళ్లెంలో పెట్టేసి, కడుపులో బాగోలేదు, మజ్జిగ చాలంది. ఉప్పెక్కువైందేమోనని అమ్మ కూర రుచి చూసింది. ఏం జరిగిందో ఎవరికీ అంతుపట్టలేదు. నాకు తెలిసింది. లైబ్రరీ పుస్తకాల్లో ఆ జంతువుకు వేరే పేరు ఉండేది. ఇంట్లో ఆ పేరు నేనెప్పుడూ పలకలేదు. ఈమె ఇలాగే లేచి వెళ్లిపోతే నా మంచం ఇంకెవరికో పోతుంది.

"అది కుందేలండీ," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. ఇక ఆగడానికి లేదు. "మా వైపు కుందేలును చెవులపిల్లి అంటారు. చెవులు పొడుగు కదండీ. పిల్లిని మేం తినం."

ఆమె నవ్వడం మొదలుపెట్టి, కళ్లనీళ్లు కొంగుతో తుడుచుకుంది.

"ఏందీ, పిల్లి అనుకుంటివా?" జేజి బుగ్గలు నొక్కుకుంది. "పిల్లిని ఎవురన్నా తింటారా తల్లీ! అంత సదువుకొని చెవులపిల్లి తెలీకపాయెనే!"

ఆమె ముక్క నోట్లో పెట్టుకుని, ఇంత మెత్తగా ఎలా ఉడికిందని అడిగింది.

"దాన్నడుగు. పొద్దున్నుంచీ రాసుకుంటాంది."

పసుపు పట్టించడం దగ్గర్నుంచి చెప్పాను. మూతమీద నీళ్లెందుకని మధ్యలో ఆపి అడిగింది. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోయి ముక్క బిగుసుకుంటుందని, అందుకే వేడినీళ్లు సిద్ధంగా ఉంచుతామని చెప్పాను. అప్పుడు గమనించుకున్నాను, నేను ఆమె కళ్లలోకి చూసి మాట్లాడుతున్నానని.

చేయి కడుక్కున్నాక ఆమె సంచిలోంచి చిన్న పుస్తకం తీసి నా పేరు రాసుకుంది. "జూన్‌లో పరుపు, పెట్టె తెచ్చుకో," అంది.

ఆమెను బస్సెక్కించి వచ్చిన నాయన గడపలోనే నిలబడ్డాడు.

"ఇంగా ఏమన్నా అడిగింటే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని నాయనా," అన్నాను, వంటింట్లో ఉన్న జేజికి కూడా వినబడేలా.